కుళాయికి తొడిగిన గొట్టం

ఆవిరి లేవాలి, ఉడకకూడదు. ఆసుపత్రి ల్యాబులో సింకు మీద అడ్డంగా వేసిన రెండు ఇనప కడ్డీల మీద పన్నెండు స్లైడ్లు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద చిక్కటి ఎర్ర మందు అంచుల దాకా నిలబడి ఉంది. అటెండరు దూది చుట్టిన ఇనప పుల్లని స్పిరిట్‌లో ముంచి వెలిగించి, స్లైడ్ల కింద ఈ చివర నుంచి ఆ చివరికి నడిపిస్తున్నాడు. మూడో దాని మీద సన్నటి పొగలాంటిది లేచింది. మంట పక్కకి తీసేశాడు. ఇక ఐదు నిమిషాలు ఆగాలి. గోడ గడియారం వంక చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఐదు నిమిషాలు అతని ఒంట్లోనే ఉన్నాయి.

ఈ ఊపిరితిత్తుల క్షయ క్రిమికి ఒంటినిండా మైనం. మామూలుగా రంగు పట్టదు. వేడి తగిలితే మైనం మెత్తబడి ఎర్ర మందు లోపలికి పోతుంది. పోయాక ఇక యాసిడ్ పోసినా బయటికి రాదు. చీము, ఉమ్ము, నోట్లో ఉండే నానా చెత్తా మాత్రం యాసిడ్ పడగానే ఎరుపు వదిలేస్తాయి. వాటి మీద నీలం పోస్తే నీలమవుతాయి. నీలం మధ్య ఎర్ర గీత కనిపించిందా, మనిషికి జబ్బున్నట్టు. ఇంతే శాస్త్రం. దీనికి రెండేళ్ళ కోర్సట, ఒక సర్టిఫికెట్టట.

ఆ సర్టిఫికెట్టున్న మనిషి పక్క గదిలో కిటికీ దగ్గర మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉంది. టెక్నీషియన్. ముప్పై దాటలేదు. అతన్ని "బాబాయ్" అంటుంది, అంటూనే "నువ్వు" అంటుంది. అతను మాత్రం పట్టుబట్టి "మేడమ్, మీరు" అంటాడు. ఆ "మీరు"లో ఎంత కారం కలిపాడో ఆమెకి తెలుసో తెలియదో.

ఎర్ర మందు వంచేసి కుళాయి తిప్పాడు. కుళాయి మూతికి జానెడు రబ్బరు గొట్టం వేలాడుతోంది. దాని చివర దారం చుట్టి బిగించి ఉంది. అందులోంచి నీళ్ళు చప్పుడు లేకుండా, సన్నగా స్లైడు వెనక అంచు మీదికి జారాయి. ఆ గొట్టం రెండు నెలల కింద తనే తొడిగాడు. అంతకుముందు ఆ కుళాయి ఒకటే తుమ్మేది. నీళ్ళు ఉన్నట్టుండి ఎగదన్ని పడితే, అద్దం మీద పూసిన కళ్ళె పొరలు పొరలుగా లేచి సింకులోకి పోయేది. స్టోరు గదిలో పాత సామాన్ల కింద దొరికిన గొట్టాన్ని కోసి, ఒక పూట కూర్చుని బిగింపు సరిచూసి తొడిగాడు. ఆ తర్వాత ఒక్క పూత చెదరలేదు.

పై ఆఫీసు వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు డాక్టరు ఆ గొట్టాన్ని వేలితో చూపించి, "మా టెక్నీషియన్ బుర్ర సార్ ఇది" అన్నాడు. ఆమె నవ్వింది. కాదనలేదు. అతను చీపురు పట్టుకుని గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు.

యాసిడ్ పోశాడు. మళ్ళీ కడిగాడు. నీలం పోశాడు. మళ్ళీ కడిగి స్లైడ్లని చెక్క స్టాండులో నిలువుగా ఆరబెడుతుంటే వెనక కిటికీ మీద ఎవరో వేళ్ళతో తట్టారు. జనం కళ్ళె డబ్బీలు ఇచ్చే కిటికీ అది.

"రంగులన్నా!"

రోగులు పెట్టిన పేరు అది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎరుపో నీలమో ఉంటుంది కాబట్టి.

కిటికీ అవతల ఆయా. పనివాళ్ళ పిల్లల్ని పగలంతా ఉంచుకునే శిశు కేంద్రంలో చేస్తుంది. పోయిన మంగళవారం ఆమె స్లైడులో క్రిములు ఉన్నాయని రాశారు. కొద్దిగా, రెండో మూడో. అయినా ఉన్నట్టే. చేసంచిని రెండు చేతులతో గుండెలకి అదుముకుని నిలబడింది.

"నా దాంట్లో నిజంగానే ఉన్నాయా అన్నా?"

"చూసేది నేను కాదమ్మా. మేడమ్ చూస్తారు."

"రెండే కనిపించాయంటున్నారు. పిండిలో రెండు పురుగులు కనపడితే జల్లిస్తాం గానీ పిండంతా పారబోస్తామా?"

అతనికి నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"దగ్గు ఎలా ఉంది?"

"ఎప్పుడో పోయింది. ఎక్స్‌రేలో కూడా ఏం లేదన్నారు డాక్టరుగారు. కానీ కళ్ళెలో ఉన్నాయి కదా, గురువారం నుంచి మందులు మొదలుపెడదాం, ఆర్నెల్లు వాడాలన్నారు. మా కేంద్రం పెద్దమ్మగారు కూడా గురువారం దాకానే ఆగుతానన్నారు. శుక్రవారం నుంచి వేరే మనిషిట. పసిపిల్లల్ని ఎత్తుకునే పని కదన్నా, నాలాంటిదాన్ని ఎవరు రానిస్తారు?"

"ఇంట్లో?"

"నాకూ ఓ పసిపిల్ల ఉంది. ఏడో నెల. తోటికోడలు తీసుకుపోయింది, ఆరు రోజులైంది. గోడ అవతలే. ఏడుస్తుంటే వినపడుతూనే ఉంటుంది." సంచి కాస్త పక్కకి జరిగింది. రవిక మీద రెండు తడి మరకలు. చటుక్కున సంచి సర్దుకుంది. "మీరు ఒక్కసారి చూడండన్నా. ఇన్నేళ్ళుగా చేస్తున్నారు."

ఆఖరి మాట ఎక్కడో తగిలింది అతనికి. ఇన్నేళ్ళుగా చేస్తున్నారు. ఆ ముక్క ఈ గోడల మధ్య ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

భోజనాల వేళ టెక్నీషియన్ చేతులు కడుక్కుని బాక్సు తీసుకుని బయటికి వెళ్ళింది. అతను తలుపు ఓరగా వేసి, పాత స్లైడ్ల పెట్టెలోంచి ఆయా స్లైడు ఏరాడు. మైక్రోస్కోపు చూడటం అతని పని కాదు. కానీ చూడగలడు. ఈ టెక్నీషియన్‌కి ముందు ఇక్కడ ఉండి రిటైరైపోయిన ముసలాయన, కళ్ళు మసకబారిన ఆఖరి రోజుల్లో, "నువ్వు చూసి చెప్పరా, నేను రాస్తా" అంటూ నేర్పాడు.

అతనికి కావలసింది ఒక్కటే, ఈ స్లైడులో ఏమీ లేకపోవడం. నూరు చోట్ల చూసి రాయాల్సింది మేడమ్ పది చోట్ల చూసి రాసి ఉంటుంది. ఏదో రంగు గడ్డని చూసి క్రిమి అనుకుని ఉంటుంది. అది దొరికితే చాలు, తిన్నగా డాక్టరు బల్ల మీద పెడతాడు. అలమారలో పడి ఉన్న ముసలాయన పాత సీసాలోంచి పుల్లతో నూనె చుక్క వేసి లెన్సు దించాడు. నీలం. చీము కణాలు. ఇంకా నీలం. పాతిక చోట్లు దాటాక, ఉంది. ఎర్రగా, సన్నగా, కాస్త వంకరగా.

గుండె జారింది. ఆయా గురించి కాదు. ఆ టెక్నీషియన్ సరిగ్గానే చూసిందన్నమాట అని.

ఆ తర్వాతే సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఇంకేదో గీరింది. మళ్ళీ వంగి చూశాడు. ఎరుపు స్పష్టంగా ఉన్నప్పుడు నీలం మసగ్గా ఉంది. మైక్రోస్కోపు మరను వెంట్రుకవాసి తిప్పి నీలాన్ని స్పష్టం చేస్తే ఎరుపు మాయమైంది. అంటే అది కళ్ళెలో లేదు, పైన పడుకుంది. స్లైడుని ఇంకా పక్కకి జరిపాడు. పూత అంచు దాటి ఉత్త అద్దం వచ్చింది. అక్కడ, కళ్ళె అన్నది ఏమాత్రం లేనిచోట, ఇంకొకటి ఉంది.

"ఏం చేస్తున్నావ్ బాబాయ్?"

"లెన్సు తుడుస్తున్నా మేడమ్," అన్నాడు, లేవకుండానే.

"ఆ పని నేను చేస్తాగా. నువ్వు తిన్నావా?"

"తింటా."

ఆమె తన కుర్చీ కోసం నిలబడింది. అతను స్లైడుని అరచేతిలో దాచుకుని లేచాడు.

సాయంత్రం ఇంటి దగ్గర చేతులు సబ్బుతో రుద్దుకుంటూనే భార్యకి చెప్పాడు. నూనె చుక్క వేసే పుల్ల. అదే అయ్యుంటుంది. జబ్బున్నవాడి స్లైడుకి మేడమ్ పుల్ల తగిలిస్తుంది, అదే పుల్లతో తర్వాతి దాని మీద నూనె వేస్తుంది. వాడి క్రిములు దీని మీదికి ఎక్కుతాయి. లేకపోతే ఉత్త అద్దం మీదికి ఎలా వస్తాయి?

"మళ్ళీ ఆ గొట్టం గొడవేనా?" అంది భార్య.

"గొట్టం ఊసు ఎవరెత్తారిప్పుడు?"

"రెండు నెలలుగా ఈ ఇంట్లో పొద్దున్న లేస్తే అదేగా. పోనీ ఆ గొట్టాన్ని ఇంటికి తీసుకురా, దండేసి గోడకి తగిలిస్తా. నీ ఫోటో పక్కన."

"నవ్వు. ఒకామె పని పోతోంది అక్కడ. చంటిపిల్ల తల్లి."

భార్య నవ్వాపింది. కంచం ముందు పెట్టి అతని గోళ్ళ వంక చూసింది. "ఆమె కోసమా, ఆ అమ్మాయి మీద కసితోనా నువ్వు తిరిగేది?"

అతను ముద్ద కలిపాడు. రెండూ అయితే ఏం పోయింది, అని మనసులో అనుకున్నాడు.

మంగళవారం పొద్దున వచ్చీ రాగానే కొత్త డబ్బాలోంచి ఒక స్లైడు తీశాడు. స్పిరిట్‌తో తుడిచాడు. దాని మీద ఏమీ పూయలేదు. అద్దం గీసే వజ్రపు ములుకుతో మూల మీద ఆ రోజు చివరి నంబరుకి తర్వాతి నంబరు గీశాడు. మిగతా తొమ్మిదింటి పక్కన పదోదిగా పడుకోబెట్టి ఎర్ర మందు పోశాడు. ఆవిరి, ఐదు నిమిషాలు, నీళ్ళు, యాసిడ్, నీళ్ళు, నీలం, నీళ్ళు. అన్నిటితో పాటే దానికీ మర్యాదలన్నీ చేశాడు. ఖాళీ అద్దం. ఇందులో క్రిమి ఉందని ఆవిడ అంటే, పుల్ల సంగతి ఆవిడ నోటే బయటపడుతుంది. ఏమీ లేదంటే ఇంకో రోజు ఇంకోటి.

పదకొండు దాటాక పక్క గదిలోంచి పిలుపు వచ్చింది.

"బాబాయ్, ఈ చివరిది ఎవరిది? రిజిస్టర్లో లేదే. పూత మరీ పల్చగా ఉంది, ఎక్కడుందో కూడా కనపడట్లేదు."

"ఏముంది మేడమ్ అందులో?" అన్నాడు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

"మూడు కనిపించాయి. చాలా సేపు వెతికా. రాసుకుంటున్నా."

అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఈ క్షణం ఎలా ఉంటుందో రాత్రంతా ఊహించుకున్నాడు. అనుకున్నంత తీయగానే ఉంది.

"రాయండి మేడమ్, రాయండి. అందులో నేనేమీ పూయలేదు. ఉత్త అద్దం అది."

ఆమె పెన్ను ఆగింది. అతను కాచుకుని ఉన్నాడు, ఏడుస్తుందనో అరుస్తుందనో. ఆమె కుర్చీలోంచి లేచి పక్కకి జరిగింది.

"వచ్చి నువ్వే చూడు."

"నేనెందుకు, సర్టిఫికెట్టు లేనివాణ్ణి."

"చూస్తావని నాకు తెలుసు బాబాయ్. నిన్న లెన్సుకి ఎవరి నూనె అంటుకుందో తెలుసుకోలేనా? కూర్చో."

కూర్చున్నాడు. ఉన్నాయి. మూడూ ఉన్నాయి. నీలం కూడా లేని తెల్లటి వెలుతురులో, చెదిరిన దారపు పోగుల్లా.

"మీ నూనె పుల్ల," అన్నాడు.

ఆమె నూనె సీసా తీసి చూపించింది. పుల్ల లేదు. చుక్క చుక్కగా పడే సీసా. లెన్సు ఇంకా దించని మామూలు స్లైడు ఒకటి తీసి, పైనుంచి చుక్క వదిలింది. సీసా మూతికీ అద్దానికీ మధ్య వేలెడు ఖాళీ ఉంది. "పుల్ల మానేసి ఏడాదైంది. పైగా ఇవాళ దీన్నే మొదట చూశాను. రిజిస్టర్లో లేని నంబరని. దీనికి ముందు ఇంకో స్లైడు లేదు."

బయట ఎవరో దగ్గుతున్నారు.

"కొత్త అద్దం. దాని మీద పడినవి ఏమేంటి?" అంది ఆమె, తనలో తనే లెక్కపెట్టుకుంటున్నట్టు. "ఎర్ర మందు. యాసిడ్. నీలం. నీళ్ళు."

నాలుగూ అతని చేతుల్లోంచి పడినవే.

మందులు కలిపేది డబ్బాలో వచ్చే శుద్ధి చేసిన నీళ్ళతో. ఆ నీళ్ళనే ఆమె, నొక్కితే ధార వచ్చే చిమ్ముడు సీసాలో పోసి తెచ్చింది. రెండు కొత్త స్లైడ్లు తీసి, ఒకటి సీసా నీళ్ళతో, ఒకటి కుళాయి నీళ్ళతో కడగమంది. మందులు అవే, మంట అదే, చేతులు అవే. ఆరబెట్టే ఆ పావుగంటా ఇద్దరూ సింకు దగ్గరే నిలబడ్డారు. మామూలుగా అయితే ఇలాంటప్పుడు అతనికి బోలెడు మాటలు వస్తాయి, అన్నీ ముళ్ళే. ఇవాళ నోరు పెగల్లేదు.

సీసా నీళ్ళతో కడిగిన దాంట్లో ఏమీ లేదు. ఆమె నూరు చోట్లు చూసి, అతన్నీ చూడమంది. ఏమీ లేదు. రెండో దాంట్లో నాలుగు.

"నీళ్ళలో ఇలాంటివి ఉంటాయని చదివాను బాబాయ్. ఇవీ ఆ జాతివే, మైనం ఉన్నవే. మనిషికి ఏమీ చేయవు. కానీ రంగు మాత్రం అలాగే పడుతుంది. అయితే కుళాయి నీళ్ళు ఎప్పుడూ ఉన్నవేగా. అప్పుడు లేనివి ఇప్పుడెందుకు..."

అప్పటికే అతను వంగి గొట్టాన్ని కుళాయి నుంచి లాగుతున్నాడు. బాగా బిగించాడు కదా, ఓ పట్టాన రాలేదు. ఊడాక బ్లేడుతో నిలువునా చీల్చాడు. లోపల గోడంతా నూనె రాసినట్టు నునుపుగా ఉంది. వేలి గోరుతో గీకితే లేత గులాబి రంగు జిగురు వచ్చింది. గట్టిగా తిప్పితే తుమ్మే కుళాయి నీళ్ళు ఇందులోంచి మెల్లగా జారేవి. ఆ మెల్లదనం కోసమే ఒక పూటంతా కూర్చున్నాడు. ఆ మెల్లదనంలోనే అవి కాపురం పెట్టాయి.

ఆ జిగురుని తనే అద్దానికి పూశాడు. తనే ఎర్ర మందు పోసి ఆవిరి పట్టించాడు. సీసా నీళ్ళతో కడిగాడు. ఆమె అడక్కుండానే కుర్చీ వదిలింది. లెన్సులో నీలం కనబడలేదు. అంతా ఎరుపే. పోగులు పోగులుగా, మోపులు కట్టినట్టు.

"ఈ రెండు నెలల్లో 'కొద్దిగా ఉన్నాయి' అని ఎంతమందికి రాశాం?" అన్నాడు, కన్ను తీయకుండా.

"చూస్తాను." రిజిస్టరు తిప్పుతున్న చప్పుడు. "పదకొండు మంది."

"ఆయా కాక?"

"ఆమెతో కలిపి."

బుధవారం పొద్దున ఆయా వచ్చి ఒక డబ్బీ ఇచ్చి, మర్నాటి పొద్దుటిది పట్టడానికి ఇంకో డబ్బీ తీసుకుని వెళ్ళింది. టెక్నీషియన్ ఫోన్ చేసి పిలిపించింది. ఎందుకో పూర్తిగా చెప్పలేదు, మళ్ళీ చూస్తామంది అంతే. పదకొండు గంటలకి డాక్టరు ఇద్దర్నీ గదిలోకి రమ్మన్నాడు. బల్ల మీద చీల్చిన గొట్టం, పాత కాగితం మీద. డాక్టరు దాన్ని ముట్టుకోకుండా పెన్నుతో కదిపి చూశాడు.

"పదకొండు మంది! వీళ్ళలో నలుగురు మందులు మింగుతున్నారు. పై ఆఫీసుకి నేనేం రాయాలి?" అన్నాడు. "మేడమ్, ఇది మీ ఐడియానే కదా? నేనే కదా వాళ్ళందరి ముందూ పొగిడి చచ్చాను!"

టెక్నీషియన్ బల్ల అంచు వంక చూస్తూ ఉంది. "ల్యాబు నాది సార్. బాధ్యత నాదే."

"బాధ్యత సంగతి తర్వాత. ఇది తొడిగింది మీరేనా కాదా? ఎవరి పేరు రాయమంటారు?"

ఆమె తల పైకీ కిందికీ కదపలేదు, అడ్డంగానూ ఊపలేదు.

అతను గుమ్మం పక్కనే ఉన్నాడు, ఆ రోజు నిలబడిన చోటే. ఇవాళ చేతిలో చీపురు లేదు. ఊరుకుంటే చాలు. మెప్పు ఎవరి పేరున పడిందో తిట్టూ వాళ్ళ పేరునే పడుతుంది, న్యాయంగానే ఉంది కూడా. రెండు నెలలు కడుపులో పెట్టుకు మోసిన మాట, ఎన్నిసార్లో ఒంటరిగా సింకు ముందు అనుకున్న మాట, ఇప్పుడు ఎవరూ కోరుకోని వేళ నోటి చివరికి వచ్చి కూర్చుంది.

"అది నాదండీ," అన్నాడు.

"ఏది?"

"గొట్టం. స్టోరు రూములో దొరికితే నేనే కోశాను. నేనే తొడిగాను. ఆ రోజు మీరు మేడమ్ బుర్ర అన్నారు. బుర్ర నాదేనండీ."

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "మరి అప్పుడెందుకు చెప్పలేదయ్యా?"

"అప్పుడు ఎవరిదని ఎవరూ అడగలేదండీ."

డాక్టరు తెల్ల కాగితం ఒకటి అతని వైపు తోశాడు. "జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టు. ఫైల్లో ఉంటుంది. ఇక నుంచి మేడమ్ పక్కన లేకుండా నువ్వు రంగు వేయడానికి వీల్లేదు."

ల్యాబులోకి వచ్చాక టెక్నీషియన్ ఆ కాగితం అందుకోబోయింది. "నేను రాసిస్తా బాబాయ్. నువ్వు సంతకం పెడితే చాలు."

"వద్దమ్మా. నేనే రాస్తా."

ఆరో తరగతితో వదిలేసిన చెయ్యి. ఒక్కో అక్షరాన్నీ స్లైడు మీద నంబరు గీసినట్టు గీశాడు. "కుళాయి తుమ్ముచున్నందున" అని మొదలుపెట్టి చాలాసేపు ఆగిపోయాడు. ఆమె ఎదుటి స్టూలు మీద కూర్చుని చీల్చిన గొట్టాన్ని సంచిలో చుట్టి కట్టింది, పై ఆఫీసుకి పంపడానికి.

"ఆ రోజు కాదని చెప్పాల్సింది నేను," అంది, ముడి వేస్తూ. "నోటి దాకా వచ్చింది."

"వచ్చి?"

"బాగుందనిపించింది బాబాయ్. ఈ గదిలో నాకు మాత్రం ఎవరు పెట్టారు ఓ మంచి మాట? ఆ ఒక్కటీ ఉంచుకుందామనిపించింది."

అతను పెన్ను ఎత్తాడు. దీనికి కూడా ఓ ముల్లు వెతకొచ్చు. వెతికితే దొరుకుతుంది. "ఇవాళైనా నీది కాదని చెప్పేదానివి," అన్నాడు. 'నువ్వు' అన్నానని మాట పూర్తయ్యాక గాని అతనికే తెలియలేదు.

"మెప్పు తీసుకుని తిట్టు నీ మీదికి తోయనా? మా అమ్మ చీపురు తిరగేస్తుంది."

ఇరవై రెండేళ్ళలో అతని రాత ఆ ల్యాబు ఫైల్లోకి వెళ్ళడం అదే మొదటిసారి. రాత్రి ఇంట్లో ఆ సంగతి విని భార్య కంచాలు తీస్తూ, "పోన్లే, గొట్టం నీదేనని చివరికి అందరికీ తెలిసింది," అంది. నవ్వలేదు, అతనూ నవ్వలేదు. తర్వాత ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు గాని.

గురువారం ఆయా రెండో డబ్బీ తెచ్చింది. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి అతనే పూశాడు. టెక్నీషియన్ పక్కన నిలబడింది, ఆర్డరు కదా. నిలబడి ఊరికే ఉండలేక, "ఆవిరి వచ్చిందని ఎలా తెలుస్తుంది బాబాయ్, నాకెప్పుడూ ఉడికిపోతుంది," అని అడిగింది. మంట అవతల గోడ నల్లగా ఉన్నచోటికి వంగి చూడమన్నాడు. చూసింది. చిమ్ముడు సీసా నొక్కీ నొక్కీ అతని చేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. గొట్టం ఉన్నప్పుడు ఎంత హాయిగా ఉండేదో. ఆమె నూరు చోట్లు చూసింది, ఇంకో నూరు చూసింది. తర్వాత అతన్ని కూర్చోబెట్టింది. రెండింట్లోనూ నీలం తప్ప ఏమీ లేదు.

కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి అతనే వెళ్ళాడు. ఆయా గోడకి ఆనుకుని నిలబడి ఉంది, సంచి అదుముకునే. కాగితం తీసుకుంది. అక్షరాలు కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది.

"లేవా?"

"లేవమ్మా. అప్పుడూ లేవు."

"మరి మొదట..."

"అది నా పొరపాటు. నేను కడిగిన నీళ్ళలో ఉన్నాయి అవి. నీలో కాదు."

ఆమె అతని మొహం వంక చూసింది. చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

"తొమ్మిది రోజులన్నా," అంది. "నా పాలు పిండి మోరీలో పోశాను."

అతను కిటికీ ఊచ మీద వేళ్ళు పెట్టాడు, గోళ్ళ సందున ఎరుపుతో. ఆమె ఆ వేళ్ళనే చూస్తూ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుక్కి దోపుకుంది. కేంద్రం పెద్దమ్మగారు సాయంత్రం దాకా ఉంటారు. వెళ్ళాలి. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"రేపు మా తోటికోడలు వస్తుంది. రెండు వారాలుగా దగ్గుతోంది, నా దగ్గరనుంచే అంటుకుందని ఊరంతా చెప్పుకుంటోంది." ఆగింది. "ఆవిడది జాగ్రత్తగా కడుగన్నా. నేను పనికెళ్తే పిల్లని చూసేది ఆవిడే."

"సీసా నీళ్ళతోనే కడుగుతానమ్మా," అన్నాడు.

ఆమె తలూపలేదు. మెట్లు దిగి, గేటు దాటాక పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది. అతను లోపలికి వచ్చి రేపటి డబ్బాలోంచి ఒక కొత్త స్లైడు తీశాడు. స్పిరిట్‌తో తుడిచి, మూల మీద సున్నా గీసి, అన్నిటికంటే ముందు కడ్డీల మీద పడుకోబెట్టాడు, ఏమీ పూయకుండా.